ట్రైలర్‌లో ఏసీ కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మా వారికి ములుగు రోడ్డులో వెల్డింగ్ షాపు ఉంది. కారు వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్‌ను రెండేళ్లు కష్టపడి సొంతంగా తయారు చేశారు. నెలకు రెండు రాత్రులు పిల్లలతో లక్నవరం, పాకాల, తాడ్వాయి వైపు వెళ్లాలని మా ఆశ. ఆగిన చోటల్లా కరెంటు ఉండదు కదా. ఇన్వర్టర్, బ్యాటరీ కోసం అడిగితే ఒక షాపులో 2,35,000 రూపాయల కొటేషన్ ఇచ్చారు. 5 కేవీఏ ఇన్వర్టర్, 5 యూనిట్ల లిథియం బ్యాటరీ, కిలోవాట్ సోలార్ ప్యానెళ్లు. ఒక టన్ను ఏసీ కూడా నడుస్తుందట. 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవాలా, పాప ఇంజినీరింగ్ ఫీజుకు దాచిన 3 లక్షల ఎఫ్‌డీ తీయాలా? సబ్సిడీ వస్తుందని, మేడారం జాతరకు అద్దెకిస్తే అప్పు తీరిపోతుందని షాపువాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: రెండూ వద్దమ్మా. ఎఫ్‌డీ ముట్టుకోకండి, లోన్ జోలికీ పోకండి. ట్రైలర్ మాత్రం ఆపొద్దు. మీ వారు రెండేళ్లు చెమటోడ్చి చేసింది, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే తిరగాలి. అసలు చిక్కు ఆ కొటేషన్‌లో ఉంది. అందులో ముప్పాతిక వంతు పైసలు ఏసీ ఒక్కదాని కోసమే.

2,35,000కు 14 శాతం చొప్పున మూడేళ్లకు ఈఎంఐ సుమారు 8,030 రూపాయలు పడుతుంది. మొత్తం కట్టేది దాదాపు 2,89,000. అంటే వడ్డీయే 54 వేలు. నెలకు రెండు రాత్రుల లెక్కన పదేళ్లకు 240 రాత్రులు. ఈ సామాను పదేళ్లూ ఏ రిపేరూ లేకుండా నడిచిందనే అనుకుందాం. అయినా ఒక్క రాత్రి కరెంటుకు 1,200 రూపాయలు పడుతుంది. ఆ ఏసీ రాత్రంతా తాగే కరెంటుకు మీ ఇంట్లో అయితే యాభై రూపాయలకు మించి బిల్లు రాదు.

పోనీ అంత పెట్టాక రాత్రంతా చల్లగా పడుకుంటారా అంటే అదీ లేదు. రేకు గోడల ట్రైలర్‌లో టన్ను ఏసీ సగటున 600, 700 వాట్లు లాగుతుంది. ఎనిమిది గంటలకు 5 యూనిట్లు. బ్యాటరీ మీద 5 యూనిట్లని రాసి ఉన్నా, అడుగున కొంత మిగల్చాలి, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. చేతికి వచ్చేది నాలుగుకు అటూ ఇటూ. తెల్లవారకముందే ఏసీ ఆగిపోతుంది. మర్నాడు కిలోవాట్ ప్యానెళ్లు మంచి ఎండలో 4 యూనిట్లు ఇస్తాయి, నిజమే. కానీ ట్రైలర్ చల్లగా ఉండాలంటే చెట్టు నీడన ఆపాలి, ప్యానెల్ పనిచేయాలంటే ఎండలో ఆపాలి. రెండూ ఒకేసారి కుదరవు. వానాకాలంలో అయితే చెట్ల కింద అసలే ఆపొద్దు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలివానకు వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయిన సంగతి మీ వైపు వాళ్లకు నేను గుర్తు చేయనక్కర్లేదు. ఇంకోటి, మన దగ్గర బయట పడుకోవడానికి హాయిగా ఉండేది అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఆ నెలల్లో తాడ్వాయిలో దుప్పటి కావాలి గానీ ఏసీ ఎందుకు? ఏసీ కావాల్సిన మే నెలలో పిల్లల్ని తీసుకుని రేకు డబ్బాలోకి మీరే వెళ్లరు.

ఏసీ తీసేసి కాగితం మీద లెక్క రాద్దాం. వాట్లను గంటలతో గుణిస్తే వాట్ అవర్లు, వెయ్యి వాట్ అవర్లయితే ఒక యూనిట్. బ్యాటరీ మీద నేరుగా నడిచే 12 వోల్టుల డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 20 వాట్లు, తొమ్మిది గంటలు: 360. ఎల్‌ఈడీ లైట్లు మూడు, 7 వాట్ల చొప్పున అయిదు గంటలు: 105. నాలుగు ఫోన్ల చార్జింగుకు 60. మొత్తం 525, అంటే అర యూనిట్. ఇంతే! చిన్న డీసీ ఫ్రిజ్ పెడితే రోజుకు ఇంకో అర యూనిట్ కలుస్తుంది. రెండు రాత్రులకు ఐస్ బాక్స్ చాలు, పాలు విరగవు. వంట గ్యాస్ మీదే చేసుకోండి. ఇండక్షన్ స్టవ్, కెటిల్ బ్యాటరీ మీద ఆలోచించనే వద్దు.

ఆ పెద్ద ఇన్వర్టర్ గురించి షాపువాళ్లు చెప్పని మాట ఒకటుంది. 5 కేవీఏ ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే చాలు, ఏమీ నడవకపోయినా 40, 50 వాట్లు లాగుతూనే ఉంటుంది. పది గంటలకు అర యూనిట్. మీ ఇంటిల్లిపాది ఫ్యాన్లూ లైట్లూ తాగేంత కరెంటు ఆ ఖాళీ డబ్బా ఒక్కటే తాగేస్తుంది. అందుకే ఫ్యాన్లు, లైట్లు బ్యాటరీ నుంచి నేరుగా డీసీ మీద నడపాలి. లాప్‌టాప్‌కో మిక్సీకో ఇంటి కరెంటులాంటిదే ఇచ్చే చిన్న సైన్‌వేవ్ ఇన్వర్టర్ పెట్టుకుని, పని కాగానే ఆపేయాలి.

ఈ లెక్క కాగితం మీద ఎందుకు వేయమంటున్నానంటే, వేయకుండా వెళ్లి నేను ఇబ్బంది పడ్డాను. కొన్నేళ్ల కింద డిసెంబర్‌లో ఇంటి ఇన్వర్టర్, దాని 150 ఏహెచ్ (యాంపియర్ అవర్లు, బ్యాటరీ ఎంత కరెంటు దాస్తుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ, అంటే లెడ్ యాసిడ్ రకం, కారు డిక్కీలో పెట్టుకుని లక్నవరం వైపు వెళ్లాం. రెండు ఫ్యాన్లకు రాత్రంతా వస్తుందని సర్వీసుకు వచ్చినాయన భరోసా ఇచ్చాడు. సాయంత్రం రైస్ కుక్కర్‌లో అన్నం వండాం. రాత్రి రెండున్నరకు ఇన్వర్టర్ టీ, టీ, టీ మని అరవడం మొదలుపెట్టింది. దోమలకు పిల్లలు ఏడుపు. టార్చి వేసి చూస్తే బ్యాటరీ మీద నీళ్ల మట్టం చూపే బుడిపెలు ఆరింట్లో నాలుగు ఎరుపు దాకా దిగిపోయి ఉన్నాయి. గతుకుల్లో యాసిడ్ చిమ్మి డిక్కీ మ్యాట్ తెల్లగా కాలిపోయింది. అప్పటికి దాని వయసు నాలుగేళ్లు. మీద రాసి ఉన్న 150లో సగమైనా మిగిలిందో లేదో ఎవరమూ చూడలేదు.

అందుకే లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం ధరకే వస్తున్నా మీకు వద్దంటాను. 150 ఏహెచ్ దాని బరువే 55 కిలోల పైచిలుకు. ఎక్కువ రోజులు మన్నాలంటే అందులో సగమే వాడాలి, అంటే 900 వాట్ అవర్లు. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ గ్యాస్ వదులుతుంది, పిల్లలు పడుకునే గదిలో అది ఉండకూడదు. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు, పదమూడు కిలోలు. 1,280 వాట్ అవర్లలో 1,100 దాకా వాడుకోవచ్చు. సోలార్ ఒక్క చుక్క రాకపోయినా మీకు రెండు రాత్రులు గడుస్తాయి.

నా అంచనా ఇది: బ్యాటరీకి 30 వేలు, 200 వాట్ల ప్యానెల్, ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఎక్కించే ఎంపీపీటీ చార్జ్ కంట్రోలర్ కలిపి 12 వేలు, ఫ్యాన్లు లైట్లకు 6 వేలు, చిన్న ఇన్వర్టర్‌కు 6 వేలు, కారు నడుస్తున్నప్పుడు చార్జ్ చేసే డీసీ చార్జర్‌కు 5 వేలు, వైర్లు ఫ్యూజులకు 5 వేలు. మొత్తం 64 వేలు. బ్రాండును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. రాత్రికి 270 రూపాయల లోపే. 2025 సెప్టెంబర్ 22 నుంచి బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి, సోలార్ ప్యానెళ్ల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. లిథియంకు ముందు నుంచే 18 ఉంది. బిల్లులో ఆ రేట్లే వేశారో లేదో చూడండి. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే ఒప్పుకోకండి, రేపు వారంటీ అడగడానికి ఆధారం ఉండదు. వాహనంలో వాడినా వారంటీ వర్తిస్తుందని రాయించుకోండి.

వైర్ల దగ్గర మాత్రం రూపాయి కూడా తగ్గించొద్దు. 12 వోల్టుల మీద వెయ్యి వాట్లంటే 80 యాంపియర్ల పైమాటే. వెల్డింగ్ కేబుల్ ఎందుకు అంత లావుంటుందో మీ వారికి నేను చెప్పాలా? ఫ్యూజు బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలో ఉండాలి.

ఇక పైసల సంగతి. లోన్ తీసుకుంటే నెలకు 8 వేలు కట్టడానికి సిద్ధపడ్డారు కదా. ఆ 8 వేలే ఆర్‌డీలో వేయండి. ఎనిమిది నెలల్లో 64 వేలు, పైన కాస్త వడ్డీ. అప్పు లేదు, టెన్షన్ లేదు. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే సాధారణంగా అర నుంచి ఒక శాతం వడ్డీ కోత పడుతుంది, కానీ నా భయం దానికి కాదు. కౌన్సెలింగ్ అయ్యాక ఫీజు కట్టడానికి నాలుగు రోజులే టైమిస్తారు. ఆ నాలుగు రోజుల్లో మీరు ఎవరి గడప తొక్కుతారు? ఆ డబ్బు పాపది, ట్రైలర్‌ది కాదు.

సబ్సిడీ మాట నిజం కాదు. పీఎం సూర్యఘర్ కింద వచ్చే 78 వేల దాకా సాయం కరెంటు కనెక్షన్ ఉన్న ఇంటి పైకప్పు మీద, గ్రిడ్‌కు కలిపిన సోలార్‌కే. చక్రాల మీద తిరిగేదానికి రాదు. జాతర రెండేళ్లకోసారి, నాలుగు రోజులు. సొంత వాడకానికని చేయించిన బీమా, అద్దెకిచ్చినప్పుడు ప్రమాదం జరిగితే అక్కరకు రాదు. ఆ ఆదాయాన్ని లెక్కలో కలపకండి. ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్, బీమా ఉండాల్సిందే. ఇంట్లో తయారు చేసినది కాబట్టి ముందు రవాణా శాఖ ఆఫీసులో మాట్లాడండి. నంబరు చేతికొచ్చాకే బ్యాటరీ కొనండి.

నెలలో మిగతా 28 రోజులు బ్యాటరీని ట్రైలర్‌లో వదిలేయకండి, ఎండకు రేకు కాగితే దాని ఆయుష్షు తగ్గుతుంది. సగం చార్జ్‌తో ఇంట్లో నీడన పెట్టండి. మీ ఇంటి ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉంటేనే దానికి తగిలించండి.

ఆర్‌డీ మొదలుపెట్టిన నెలలోనే ఒక పని చేయండి. ట్రైలర్‌ను ఇంటి ముందు ఆపి, ఇంట్లోంచి వైరు లాగి, మధ్యలో యూనిట్లు చూపే చిన్న ప్లగ్ మీటర్ పెట్టి, నలుగురూ ఒక రాత్రి అందులో పడుకోండి. పొద్దున మీటర్‌లో ఎంత చూపిందో రాసి పంపండి. 100 ఏహెచ్ సరిపోతుందా, 150 తీసుకోవాలా అన్నది ఆ అంకె చూసి చెబుతాను.