పేరున్న ల్యాబా, పని తెమిలే ల్యాబా?

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

వేసవికి ఏ ల్యాబులో చేరాలో తేలడం లేదని రాశావు. హైదరాబాదులోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలు, జాతీయ పోషకాహార సంస్థ, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నప్పుడు తేలకపోవడం వింతేమీ కాదు. పేరు పక్కన పెట్టు. 2 నెలల్లో తెమిలే పని ఎవరి దగ్గరుందో చూడు.

మనుషుల రక్తం మీద కొత్త ప్రాజెక్టు అంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి రావాలి. దానికి నెలలు పట్టొచ్చు, నీ వేసవంతా ఫైలు వెనక తిరగడంతోనే సరిపోతుంది. అందుకే మొదట్లోనే అడిగెయ్: అనుమతి వచ్చేసిందా, శాంపిళ్లు ఫ్రీజర్‌లో ఉన్నాయా అని. రెండూ ఉంటే సగం గట్టెక్కినట్టే. రక్తంతో పనైతే హెపటైటిస్ బి టీకా కూడా కావాలి. తొలి డోసు, నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. మేలో చేరేదానివి నవంబరుకే మొదలుపెట్టాలి. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్ దరఖాస్తులూ మామూలుగా అక్టోబరు, నవంబరుల్లోనే, మర్చిపోకు.

ల్యాబు పెద్దకి చోటడుగుతూ రాసే మెయిలు 150 మాటలు దాటనివ్వకు. ఆ ల్యాబు ఈమధ్య వేసిన పేపరొకటి చదివి, అందులో ఒక్క బొమ్మ మీద నీకు నిజంగా వచ్చిన సందేహం రాయి. ఒకే ఉత్తరం నలభై మందికి పంపితే చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, మేడమ్‌కి 'డియర్ సర్' అని వెళ్తే మరీనూ. జవాబు రాకపోతే 10 రోజులాగి ఒక్కసారి గుర్తుచెయ్, అంతే.

చేరాక తొలి వారం పిపెట్ మీదే పెట్టు, అదే, కొద్దికొద్ది ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం. టిప్ ముంచకముందే బొత్తాన్ని మొదటి ఆపు దాకా నొక్కి, ముంచాక మెల్లగా వదలాలి. రెండో ఆపు దాకా నొక్కి పీలిస్తే ద్రవం ఎక్కువొస్తుంది. కొత్తవాళ్ల పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకి లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) చెడడానికి అదీ ఒక కారణం. 200 మైక్రోలీటర్ల పిపెట్‌తో 5 తీయాలని చూడకు, దాని కింది హద్దు 20.

ట్యూబు మూత మీదే కాదు, పక్కన కూడా పేరు, తేదీ రాయి. మూతలు మారిపోతుంటాయి. పైగా 70 శాతం ఆల్కహాల్ తగిలితే మామూలు మార్కర్ రాత చెరిగిపోతుంది, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో మామూలు టేపు ఊడిపోతుంది. చలికి నిలిచే లేబుళ్లు వేరే ఉంటాయి, అడిగి తీసుకో.

బయోడేటా ఒక్క పేజీకి కుదించి, మెయిలు పంపేముందు నాకోసారి చూపించు.

మీ మావయ్య