షుగర్ నంబర్ బాగుంది కదా అని కీటోన్ల సంగతి వదిలెయ్యకు

చిన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, డాక్టర్ గారు నీకు షుగర్‌కి మెట్‌ఫార్మిన్‌తో పాటు డాపాగ్లిఫ్లోజిన్ కూడా రాశారంట, నువ్వేమో అదే ఊపులో అన్నం పూర్తిగా మానేసి కార్తీక సోమవారాలు కూడా ఉంటానంటున్నావంట. ఈ డాపాగ్లిఫ్లోజిన్ టాబ్లెట్ మంచిదే, గుండెకీ కిడ్నీలకీ కూడా మేలు చేస్తుంది, నిన్ను భయపెట్టాలని రాయట్లేదు. కానీ ఆ టాబ్లెట్టూ, అన్నం మానడమూ, ఉపవాసమూ మూడూ ఒకేసారి కలిస్తే ఒక ప్రమాదం ఉంది, వార్డులో నర్సుగా అలాంటి వాళ్లని దగ్గరుండి చూసుకున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మందులన్నీ ఒంట్లో షుగర్‌ని యూరిన్‌లో బయటికి పంపేస్తాయి. అందుకే మీటర్‌లో నంబర్ తగ్గుతుంది. షుగర్ తగ్గేసరికి ఇన్సులిన్ కూడా తగ్గి ఒళ్లు కొవ్వుని కరిగించడం మొదలుపెడుతుంది, అప్పుడు పుట్టేవే కీటోన్లు. ఉపవాసం ఉన్న ఎవరికైనా కొంచెం కనిపిస్తాయి, దానికి కంగారు అక్కర్లేదు, కానీ మితిమీరితే రక్తం ఆమ్లంగా మారిపోతుంది, దాన్నే కీటోఅసిడోసిస్ అంటారు. మామూలుగా ఇది వచ్చినప్పుడు షుగర్ 300, 400 ఉంటుంది కాబట్టి మనకి తెలిసిపోతుంది, ఈ మందు వాడేవాళ్లకి మాత్రం 180 ఉన్నా రావచ్చు, మీటర్ చూసుకుని అంతా బానే ఉందనుకుని ఇంట్లోనే పడుకుంటారు, అసలు ముప్పు అక్కడే. అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2015లోనే ఈ విషయం మీద హెచ్చరించింది. మన దగ్గర 2025 మార్చిలో ఇదే కోవకి చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ అయిపోయాక రేట్లు బాగా తగ్గాయి, కాంబినేషన్ టాబ్లెట్లలో కూడా కలిపి ఇస్తున్నారు, అందుకే షీటు వెనక సన్న అక్షరాలు చదివి నువ్వు వాడేవాటిలో ఏమున్నాయో ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో.

ఇక టెస్ట్ సంగతి. మెడికల్ షాపులో దొరికే యూరిన్ స్ట్రిప్పులు చవక, ముంచి తీసి డబ్బా మీద రాసిన టైముకే, చాలావాటికి 15 సెకన్లు, రంగు పోల్చి చూడాలి, ఆలస్యంగా చూస్తే రంగు ముదిరి తప్పు చెబుతుంది. డబ్బా మూత గట్టిగా పెట్టు, బాత్రూంలో మాత్రం ఉంచకు, తేమకి పాడైపోతాయి. అయితే యూరిన్‌లో కనిపించేది కొన్ని గంటల కిందటి సంగతి, పైగా రక్తంలో ఎక్కువగా పేరుకునే కీటోన్‌ని ఆ స్ట్రిప్పు పట్టుకోలేదు. అందుకే కుదిరితే రక్తంలో కీటోన్ చూసే మీటరే కొనుక్కో, స్ట్రిప్పులు ఖరీదే, రోజూ చూడక్కర్లేదులే. షుగర్ స్ట్రిప్పు వేరు, కీటోన్ స్ట్రిప్పు వేరు, అది నీ మీటర్‌కి సరిపోతుందో లేదో కొనేముందే అడుగు.

ఆ రక్తం మీటర్‌లో కీటోన్ నంబర్ (mmol/Lలో) 0.6 లోపు ఉంటే పర్లేదు. 0.6 నుంచి 1.5 మధ్య ఉంటే డాపాగ్లిఫ్లోజిన్ టాబ్లెట్ ఆపి, నీళ్లు బాగా తాగి, గంజో ఇడ్లీయో ఏదో ఒకటి తిని, రెండు గంటలాగి మళ్లీ చూడు. 1.5 దాటితే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, 3 దాటితే ఫోన్ల కోసం కూడా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లిపో. ఒకటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో, ఆగని వాంతులు, కడుపునొప్పి, పరిగెత్తినట్టు గాఢంగా ఆయాసం, మగత ఉంటే నంబర్ ఎంతున్నా సరే బయల్దేరడమే. అక్కడికి వెళ్లగానే నేను గ్లిఫ్లోజిన్ మందు వాడుతున్నా, రక్తంలో కీటోన్లు చూడండి అని నోరు తెరిచి చెప్పాలి, లేదంటే షుగర్ మామూలుగా ఉంది కదా, గ్యాస్ అయ్యుంటుందిలే అనుకునే వీలుంది.

జ్వరం, విరేచనాలు, వాంతులు పట్టుకున్న రోజున ఈ టాబ్లెట్టూ మెట్‌ఫార్మినూ ఆపి డాక్టర్‌ని అడుగు, మామూలుగా తింటూ తాగుతూ ఉన్నాకే మళ్లీ మొదలుపెట్టాలి. నువ్వింకా ఇన్సులిన్‌లో లేవు కానీ మీ మావయ్య ఉన్నాడు కదా, ఆయనకి కూడా చెప్పు, తినట్లేదు కదా అని ఇన్సులిన్ మాత్రం సొంతంగా మానకూడదు, ఒంట్లో బాలేనప్పుడే అది ఇంకా అవసరం, డోసు ఎంతన్నది డాక్టర్ చెబుతారు. ఏదైనా ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందే ఈ టాబ్లెట్ ఆపమంటారు, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా డెంటిస్ట్‌కి చెప్పు.

సోమవారాలు వద్దని నేను అనను, శివుడి మీద నీకున్న భక్తి నాకు తెలుసు. కానీ నీళ్లు కూడా ముట్టని ఉపవాసం మాత్రం ఈ మందు మీద ఉండగా చెయ్యకు నాన్నా, పళ్లూ పాలూ తీసుకో, ఆ రోజు టాబ్లెట్ వేసుకోవాలా వద్దా అన్నది డాక్టర్ గారినే అడుగు. అన్నం కూడా ఒకేసారి కాకుండా మెల్లగా తగ్గించు. వచ్చే వారం చెకప్‌కి వెళ్తున్నావంట కదా, ఇవన్నీ అడిగి, ఆయన ఏమన్నారో రాత్రి ఫోన్ చేసి చెప్పు.

పెద్దమ్మ