ఇంట్లో సంగతి ఆయనకి చెప్పాలా, దాచాలా?

మీ ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నది సికింద్రాబాద్‌లో ఉంటున్న ఒక రిటైర్డ్ కల్నల్ గారి భార్య.

ప్రశ్న: అక్కా, మా వారు ఆర్మీలో మేజర్. ఈ మధ్యే, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని ఫీల్డ్ పోస్టింగ్ మీద లద్దాఖ్ వెళ్లారు. నేనూ, యూకేజీ చదివే పాపా ఖమ్మంలో అత్తయ్యగారి దగ్గర ఉంటున్నాం. రాత్రి ఎప్పుడో ఫోన్ వస్తుంది, నాలుగు మాటలు అయ్యేలోపే కట్. మామయ్యగారికి గుండెకి స్టెంట్ వేశారు. 'అంత దూరంలో ఉన్నాడు, టెన్షన్ పడతాడు, వాడికి చెప్పకు' అని అత్తయ్యగారు ఒట్టు వేయించుకున్నారు. ఆయన అడిగినప్పుడల్లా అంతా బాగానే ఉందంటున్నాను గానీ నా గొంతు నాకే అబద్ధంలా వినిపిస్తోంది. పైగా పాప అసలు ఫోన్ దగ్గరికే రానంటుంది. ఏం చేయమంటారు? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చెప్పేయమ్మా. ఈసారి ఫోన్ రాగానే చెప్పేయ్. అంతకంటే ముందు అత్తయ్యగారిని కూర్చోబెట్టి, చెప్పబోతున్నానని ఆవిడకి చెప్పు. చాటుగా చెప్తే ఇంకో గొడవ మొదలవుతుంది.

మీ ఆయన చేతికింద ఉన్న జవాన్ల ఇళ్ల నుంచి రోజూ వచ్చేవి ఇలాంటి కబుర్లే. ఒకరి తల్లికి ఆపరేషన్, ఇంకొకరికి పొలం గట్టు తగాదా, మరొకరి భార్యకి నెలలు నిండాయి. ఎవరికి సెలవు ముందు ఇవ్వాలి, ఎవరిని ఆగమనాలి అని తేల్చేది ఆయనే. కష్టం వింటే తట్టుకోలేని మనిషేం కాదు. కానీ సొంత తండ్రి స్టెంట్ సంగతి ఏ బాబాయి కొడుకు నోటి నుంచో తెలిసిందనుకో, ఆ తర్వాత నువ్వు నిజంగానే 'అంతా బాగుంది' అన్నా ఆయన నమ్మడు. అసలు నష్టం అక్కడుంది. ఇంకో సంగతి, ఆఫీసర్లకి ఏడాదికి 60 రోజులు ఆన్యువల్ లీవు, 20 రోజులు క్యాజువల్ లీవు ఉంటాయి. అడిగినప్పుడల్లా దొరుకుతాయని కాదు, ముందే లెక్క వేసుకుని అడగాలి. మామయ్యగారి తర్వాతి చెకప్ ఎప్పుడో తెలిస్తే ఆ సమయానికి రావాలా వద్దా అని ఆయన ఆలోచించుకుంటాడు. దాచిపెట్టి మీరు ఆ అవకాశమే లేకుండా చేస్తున్నారు.

ఎలా చెప్పాలంటావా? చివరికి ఏమైందో అదే మొదట చెప్పాలి. 'మామయ్యగారు ఇంట్లోనే ఉన్నారు, పొద్దున వాకిట్లో కూర్చుని పేపర్ చదివారు' అని మొదలుపెట్టు. తర్వాత స్టెంట్ మాట, ఏ రోజు వేశారు, ఏ ఆసుపత్రి, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. ఎందుకంటే ఆ ఫోన్ ఎక్కడ కట్ అవుతుందో నీకు తెలియదు. 'నాన్నగారికి ఛాతీలో నొప్పి వచ్చి రాత్రికి రాత్రి...' దగ్గర లైన్ పోతే ఆ మనిషి తెల్లార్లూ ఏమవ్వాలి? మిగతా వివరాలన్నీ మెసేజ్‌లో రాసి పెట్టు, సిగ్నల్ అందినప్పుడు చదువుకుంటాడు. 'మీరు రావాలి' లేదా 'ఇప్పుడు అవసరం లేదు', ఈ రెండింట్లో ఒకటి తేల్చి చెప్పు. 'వస్తే బాగుండేది' అని నసగొద్దు.

నిజంగా అత్యవసరం అయితే ఆయన ఫోన్ కలిసేదాకా కూర్చోకూడదు. యూనిట్‌లో ఆఫీసు వ్యవహారాలు చూసే అడ్జుటెంట్ అనే ఆఫీసర్ ఉంటారు, ఆ నంబర్ ఆయన్నే అడిగి తీసుకో. వెనక స్టేషన్లో రియర్ పార్టీ, అంటే యూనిట్ ముందుకు వెళ్లినప్పుడు అక్కడ మిగిలిన కొద్దిమంది, ఉంటే వాళ్ల నంబర్ కూడా. ఆయన పర్సనల్ నంబర్ (ఫోన్ నంబర్ కాదు, ఆర్మీ ఇచ్చిన సర్వీసు నంబర్), ర్యాంకు, పేరుతో కలిపి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి అత్తయ్యగారికి కనపడేచోట అంటించు. నువ్వు ఇంట్లో లేనప్పుడే అవసరం పడొచ్చు.

ఫోన్ అర్ధరాత్రి వస్తోందని నొచ్చుకోకు. కొన్ని కాపలా పోస్టుల్లో అందరికీ కలిపి ఒకటే ఫోన్ ఉంటుంది, మంచి ఆఫీసర్ ముందు జవాన్లని మాట్లాడనిచ్చి ఆఖర్న అందుకుంటాడు. ఇదివరకటితో పోలిస్తే ఇప్పుడు చాలా నయం. శాటిలైట్ ఫోన్‌లో నిమిషానికి 5 రూపాయలు ఉండేది, 2017 దీపావళికి దాన్ని 1 రూపాయి చేశారు. 2023 అక్టోబరులో సియాచిన్‌లో 15,500 అడుగులకి పైన బీఎస్ఎన్ఎల్ టవర్ కూడా పెట్టారు.

ఇక పాప. 'నాన్నతో మాట్లాడు, ముద్దు పెట్టు' అని ఫోన్ చేతిలో కుక్కితే ఆ వయసు పిల్లలు ఎవరూ మాట్లాడరు. 'ఎలా ఉన్నావు తల్లీ' అని కాకుండా 'ఇవాళ బాక్సులో అమ్మ ఏం పెట్టింది, ఎవరికి పంచావు' అని అడగమను ఆయన్ని. రాకపోతే వదిలేయ్. తను ఆడుకుంటూ వాగేదంతా రికార్డు చేసి పంపు. ఆయన చెప్పిన కథ ఒకటి నీ ఫోన్‌లో ఉంటే పడుకునేటప్పుడు వినిపించు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి చెన్నై ఓటీఏలో (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) ట్రైనింగ్ పూర్తి చేసి లెఫ్టినెంట్ అయ్యాడు. ఇచ్చిన అడ్రసులో ఊరు పేరే లేదు, '56 ఏపీఓ' అని ఉంది. వాళ్లమ్మ అరిసెలు, ఆవకాయ పంపుతానని పట్టుబట్టింది. చేరతాయా? – ఓ తండ్రి, తాడేపల్లిగూడెం

జవాబు: చేరతాయండీ. 56 ఏపీఓ అనేది ఊరు కాదు, ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఆ పేరుతో వచ్చిన ఉత్తరాలూ పార్శిళ్లూ ఢిల్లీలోని ఆర్మీ బేస్ పోస్టాఫీసుకి వెళ్తాయి, 99 ఏపీఓ అయితే కోల్‌కతాకి. ఏ యూనిట్ ఎక్కడుందో వాళ్లకి తెలుసు గనక అక్కడి నుంచి ఫీల్డ్ పోస్టాఫీసుకి పంపుతారు. మీరు అబ్బాయి సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, 56 ఏపీఓ, 9తో మొదలయ్యే పిన్ కోడ్ రాస్తే చాలు. అబ్బాయి ఎక్కడున్నాడో తెలిసినా ఆ ఊరి పేరు కవరు మీద వేయొద్దు. పోస్టాఫీసుకే వెళ్లండి, ప్రైవేటు కొరియర్ వాళ్లు ఏపీఓకి చేర్చలేరు.

ఆవకాయ మాత్రం వద్దని అమ్మగారిని బతిమాలండి. నూనె కారి పక్కవాళ్ల ఉత్తరాలు కూడా తడుస్తాయి. కందిపొడి, కరివేపాకు పొడి, సున్నుండలు, జంతికలు పంపండి, నలుగురికీ సరిపోయేలా పంపండి, ఎందుకంటే డబ్బా అంతా అబ్బాయి ఒక్కడే తినడు. మీ దగ్గర్లోనే మిలిటరీ మాధవరం ఉంది కదా, అక్కడ ఏ పెద్దావిడని అడిగినా పార్శిల్ ఎలా కట్టాలో చూపిస్తుంది.

ఇంకో మాట. కశ్మీర్, లద్దాఖ్ వైపు పోస్టింగ్ పడితే మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. బయల్దేరక ముందే మార్పించండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. తమ్ముడు ఆర్మీలో కెప్టెన్. ఎక్కడున్నాడో చెప్పడు, ఫేస్‌బుక్ కూడా తీసేశాడు. మా మీద నమ్మకం లేదా?

జవాబు: నమ్మకానికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఫోన్లలోంచి 89 యాప్‌లు తీసేయమని 2020 జులైలో ఆర్మీ ఆదేశం ఇచ్చింది, అందులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ ఉన్నాయి. 'ఎక్కడున్నావ్' బదులు 'అక్కడ చలి ఎలా ఉంది' అని కూడా అడగకు, అదీ అదే ప్రశ్న. యూనిఫాం ఫోటోలు నీ పేజీలో పెట్టి 'మా తమ్ముడు ఫలానా చోట' అని రాస్తే ఇబ్బంది పడేది వాడే.

ప్రశ్న: మ్యామ్, నేను క్యాంపు నుంచి వీలున్నప్పుడల్లా ఇంటికి ఫోన్ చేస్తాను. మా ఆవిడ ముభావంగా 'ఊఁ' అని ఊరుకుంటుంది. నా తప్పేంటి? – ఓ కెప్టెన్

జవాబు: మీరేం మాట్లాడుతున్నారో రాయలేదు గానీ ఊహించగలను బాబూ. గ్యాస్ వచ్చిందా, ఫీజు కట్టావా, అమ్మకి బీపీ మాత్రలు తెచ్చావా, కారు సర్వీసింగ్ అయిందా. అది ఫోనా, జవాన్లని వరసలో నిలబెట్టి హాజరు తీసుకునే సాయంత్రం రోల్‌కాలా? ఆ జాబితా అంతా మెసేజ్‌లో పెట్టండి, తను తీరిగ్గా జవాబిస్తుంది. ఫోన్ ఎత్తగానే ఇవాళ మెస్‌లో చపాతీ ఎంత గట్టిగా ఉందో, జవాన్లు వాలీబాల్‌లో మిమ్మల్ని ఎలా ఓడించారో చెప్పండి. తర్వాత మీరు కాసేపు ఊరుకోండి, తను మాట్లాడుతుంది.