ఆయన పేపరు, మీ ప్రయాణం

ప్రశ్న: మావారు శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తారు. కళింగ చరిత్ర మీద భువనేశ్వర్‌లో మూడు రోజుల సదస్సు ఉంది, ఆయన పేపరు తీసుకున్నారు. నన్నూ రమ్మంటున్నారు. మా అత్తగారేమో "ఆడు సదువు పనిమీద ఎల్తుంటే నువ్వేటి సేస్తావమ్మా అక్కడ?" అంటున్నారు. నాకూ అదే అనుమానం. నా చదువు ఇంటర్‌తో ఆగింది. పుట్టిల్లు ఇచ్ఛాపురం కాబట్టి ఒడియా మాత్రం వచ్చు. వెళ్లమంటారా?
– ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: వెళ్లండమ్మా. ఒడియా వచ్చి కూడా భయమెందుకు? భువనేశ్వర్‌లో ఆటో బేరం ఆడాల్సింది ఆయన కాదు, మీరే.

అయితే ఆయన వెనక సూట్‌కేసులా మాత్రం వెళ్లొద్దు. ముందు నిర్వాహకులకి ఫోన్ చేయించి, వెంట వచ్చేవాళ్లకి వేరే రిజిస్ట్రేషన్ ఉందేమో కనుక్కోండి. చాలా సదస్సుల్లో ఉంటుంది. దాంతో భోజనం కూపన్లు, ఒక్కోసారి ఊరు చూపించే బస్సులో సీటు కూడా వస్తాయి. నేను మావారితో ఓ సదస్సుకి అదేమీ లేకుండా వెళ్లాను. ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే ఓ కుర్రాడొచ్చి "మేడమ్, మీ బ్యాడ్జి?" అన్నాడు. పాపం, మర్యాదగానే అడిగాడు. నాకే ముద్ద దిగలేదు.

ఆయన పేపరు ఏ రోజు, ఏ పూటో తెలుసుకుని ఆ పూట హాల్లో కూర్చోండి. మాట్లాడేది పావుగంటో ఇరవై నిమిషాలో. సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ప్రశ్నలడిగినప్పుడు ఆయన ముఖం చూడాలి కదా! మిగతా సెషన్లకి మొహమాటపడి కూర్చోవద్దు. ఆ టైము మీది. ఉదయగిరి గుహలు ఊళ్లోనే ఉన్నాయి, కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనం అక్కడే. అశోకుడి శాసనాలున్న ధౌలి కూడా దగ్గరే. స్టేట్ మ్యూజియానికి సోమవారం సెలవు, చూసుకోండి.

కోణార్క్‌కి మాత్రం ఇద్దరూ కలిసే వెళ్లండి, అందుకోసం ఇంకో రోజు ఉండండి. ఒకప్పుడు మన ముఖలింగం రాజధానిగా ఏలిన తూర్పు గాంగుల వంశమే 13వ శతాబ్దంలో కోణార్క్ సూర్యుడి గుడి కట్టించింది. అరసవల్లి ఇంత దగ్గరున్న మీరు అంతదూరం వెళ్లి ఆ గుడి చూడకుండా ఎలా వస్తారు? అక్కడ పూజలు జరగవు, కొబ్బరికాయ మోసుకెళ్లకండి.

ఇక రైలు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. తేదీ గుర్తుపెట్టుకుని రానూపోనూ ఒకేసారి చేయించండి. ముగింపు సభ చెప్పిన టైముకి అయిపోతుందని నమ్మి ఆ సాయంత్రం బండికి మాత్రం చేయించొద్దు. శాలువాలు, సన్మానాలు, వందన సమర్పణ అన్నీ అయ్యేసరికి చీకటి పడుతుంది. కాలేజీ ఇస్తే ఆయన ఛార్జీలే ఇస్తుంది. మీ టికెట్టు, మీ భోజనం మీ జేబులోంచే. ఆయన టికెట్టు, హాజరు సర్టిఫికెట్టు మీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. వాళ్లిచ్చే సంచిలో పడేస్తే బిల్లు పెట్టేనాటికి దొరకవు.

అసలు పేచీ ఇంటికొచ్చాకే. ఆమదాలవలసలో దిగి, ఆటోలో శ్రీకాకుళం చేరేసరికి ఇద్దరూ ఒకేలా అలిసిపోయి ఉంటారు. ఆయన మంచమెక్కుతారు, మీరు వంటింట్లోకి వెళ్తారు. ఇది రైలెక్కకముందే తేల్చుకోవాల్సిన సంగతి. ఆ పూట టిఫిను బయటినుంచి ఆయనే తేవాలి. విడిచిన బట్టలు మర్నాడు చూసుకోవచ్చు. మీ అత్తగారికి కూడా ఈ మాట ముందే చెప్పాలి, అదీ మీరు కాదు, మీ ఆయన.