పెంచలకోనలో పిట్టలు చూడాలంటే ఏ వైపు తిరగాలి?

డిసెంబరులో పిల్లలతో వస్తున్నామని, ఒక్క రోజే టైం ఉందని, గుడి చుట్టుపక్కల తిరిగితే చాలా లేక లోపలి అడవికి పోవాలా అని అడిగారు. మాది రాపూరు పక్క ఊరే, చిన్నప్పటి నుంచి ఆ కొండ కింద తిరుగుతున్నదాన్ని. నన్నడిగితే లోపలి అడవి కోసం తాపత్రయపడొద్దు. పెంచలకోన చుట్టూ ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యం నెల్లూరు, కడప జిల్లాల్లో 1,030 చదరపు కిలోమీటర్లు ఉంది, ఒక్క రోజులో ఏం చూస్తారు? ముళ్లపొదల బీడు, వాగు, బండరాళ్ల గుట్ట, మూడూ దగ్గరదగ్గరే దొరుకుతాయి. దేని పిట్టలు దానివే.

పిగిలిపిట్టల్ని, అంటే బుల్‌బుల్‌లని, గమనించండి, విషయం తెలిసిపోతుంది. తోక కింద ఎర్రగా ఉండే మామూలు పిగిలిపిట్ట ఊళ్లో, తోటలో, అడవిలో, అన్నిచోట్లా ఉంటుంది. బీట్లోకి దిగితే కంటిపైన తెల్ల గీత ఉన్న ఇంకో రకం ఉంటుంది. పొదలో నుంచి గొంతు గలగలా వినిపిస్తుందే గానీ మనిషి అలికిడైతే బయటికి రాదు. మూడోది పసుపు గొంతు పిగిలిపిట్ట. ఇది దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. పొదలు మొలిచిన రాతి గుట్టలే దాని ఇల్లు.

దాన్ని నేను దగ్గరగా చూసింది బండ పగుల్లోంచి మొలిచిన ఒక జువ్విచెట్టు మీద. పొద్దున ఎండ పక్కనుంచి పడుతోంది. తల, గొంతు పసుపు ముద్దలా ఉన్నాయి, పొట్ట బూడిద రంగు. ఒకటి పండు ముక్కున కరుచుకుని అటూ ఇటూ తల తిప్పి మింగేసింది, రెండోది ఆ పక్క కొమ్మనే పట్టుకుని కూర్చుంది. కాసేపటికి రెండూ ఒకదాని వెంట ఒకటి రాళ్ల మీదుగా పైకి పోయాయి. 1840ల్లో దీన్ని మొదట శాస్త్రీయంగా వర్ణించిన జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడికి ఇది దొరికింది మన నెల్లూరు వైపు కొండల్లోనే. గ్రానైట్ కోసం గుట్టను కొట్టేస్తే ఇది కింది పొలాల్లోకి దిగి బతకలేదు. నాకు అన్నిటికన్నా బాధ అదే.

అట్లాగే ముళ్లపొదల నేలను పనికిరాని భూమి అనకండి. పొద్దున్నే కౌజులు అరిచేది, నెమళ్లు తిరిగేది అక్కడే. కలివికోడి అనే అరుదైన పిట్ట సంగతి వినే ఉంటారు. అంతరించిపోయిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది. అది బతికేది పచ్చని అడవిలో కాదు, పొదల మధ్య ఖాళీ నేల ఉండే ఇలాంటి చిట్టడవిలోనే. రాత్రుళ్లు తిరిగే పిట్ట, మీకు కనబడదు. దానికోసం చీకట్లో వెతకనూ వద్దు.

వాగు దగ్గర పిల్లలకు బాగుంటుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి కదా, డిసెంబరుకు నీళ్లు పారుతుంటాయి. లకుముకి పిట్టలు ఎట్లాగూ ఉంటాయి. నీడలో కూర్చుంటే పొడవాటి తెల్ల తోకతో తోకపిగిలిపిట్ట (పేరే గానీ ఇది బుల్‌బుల్ కాదు) రావచ్చు, ఎండుటాకుల్లో గెంతుతూ పొన్నంకి పిట్ట కనబడినా కనబడుతుంది.

తెల్లారేసరికి బీడు దగ్గర ఉండండి, ఎండ పొడిచాక గుట్ట వాలు చూడండి. మధ్యాహ్నం పిట్టలు మెదలవు, ఆ టైంలో దర్శనం చేసుకోండి. ఫోన్లో పిట్టల కూతలు పెట్టి పిలవొద్దు, గూడు కట్టే వేళ అవి కంగారుపడతాయి. ఇది ఎర్రచందనం అడవి, అటవీ శాఖ వాళ్ల అనుమతి లేకుండా బాట వదిలి లోపలికి పోతే చిక్కుల్లో పడతారు. బైనాక్యులర్స్ ఒక జత ఉన్నా చాలు, ముందు పిల్లలకివ్వండి.