క్యాచర్ కొడుకు, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీ, ఒక నాన్నగారి టెన్షన్

డాలస్ నుంచి ఒక నాన్నగారు పెద్ద మెయిల్ రాశారు, దాని సారాంశం ఇది: "మా అబ్బాయి హైస్కూల్లో జూనియర్ (పదకొండో తరగతి), బేస్‌బాల్ టీమ్‌లో క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు). ఆడతాను, తర్వాత మేనేజర్‌ని, అంటే మైదానంలో జట్టును నడిపే హెడ్ కోచ్‌ని అవుతాను అంటాడు. కంప్యూటర్ సైన్స్ చదివించమంటారా, స్పోర్ట్స్ మేనేజ్‌మెంటా?"

అయ్యా, మీరు అడిగింది డిగ్రీ గురించే గానీ అసలు భయం వేరు. ఆట పోతే వీడి గతేంటి అనే కదా? ముందు దాని సంగతి చూద్దాం.

కోనీ మాక్ అని పాతకాలపు క్యాచర్ ఒకాయన ఉన్నాడు. 1862లో మసాచుసెట్స్‌లో పుట్టాడు, చిన్నప్పుడే బడి మానేసి బూట్ల ఫ్యాక్టరీలో పనికెళ్లాడు, 1886లో వాషింగ్టన్ జట్టుతో పెద్ద లీగ్‌కి చేరాడు. బ్యాటింగ్ అంతంతమాత్రం. 1890లో ఆటగాళ్లు సొంతంగా పెట్టుకున్న లీగ్‌లో దాచుకున్న డబ్బు పెడితే అది ఏడాదికే మూతపడింది. 1893లో కాలికి పెద్ద దెబ్బ. మీరు రాత్రిళ్లు నిద్ర మానుకుని ఊహించుకుంటున్నవన్నీ ఆయనకు నిజంగానే జరిగాయి! అయినా 1894లో పిట్స్‌బర్గ్ ఆయన్నే మేనేజర్‌ని చేసింది. క్యాచర్లు అటు వెళ్లడం వింతేం కాదు, ఎందుకంటే జట్టు మొత్తాన్ని ఎదురుగా చూస్తూ కూర్చునేది క్యాచరే, ఏ బంతి వేయాలో పిచర్‌కి (బంతి విసిరేవాడికి) సైగ చేసేదీ అతనే. 1896 తర్వాత పిట్స్‌బర్గ్ తీసేస్తే మిల్వాకీకి వెళ్లి చిన్న లీగ్‌లో నాలుగు సీజన్లు పనిచేశాడు. ఆపైన 1901 నుంచి 1950 దాకా ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ మేనేజర్, సూటు వేసుకుని డగౌట్‌లో (మైదానం పక్కన జట్టు కూర్చునే చోట) కూర్చుని స్కోర్‌కార్డు ఊపుతూ దూరంగా నిలబడే ఔట్‌ఫీల్డర్లను అటూ ఇటూ జరిపేవాడు. ఐదు వరల్డ్ సిరీస్‌లు, అంటే పెద్ద లీగుల ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. 1916లో 117 మ్యాచ్‌లు ఓడినా కుర్చీ కదల్లేదంటే జట్టులో ఆయనకు వాటా ఉంది మరి, మీవాడికి ఆ రక్షణ ఉండదు, అది దాచను.

ఇక స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీ. ఈమధ్య అందరి నోటా ఇదే మాట, నాకైతే గట్టి అనుమానాలున్నాయి. అందులో నేర్పేది ఎక్కువగా మార్కెటింగ్, స్పాన్సర్లు, టికెట్ల అమ్మకం, స్టేడియం నిర్వహణ. ఆ పనులు ఇష్టమైనవాళ్లు నిక్షేపంగా చదవచ్చు. మైదానంలో జట్టును నడిపే మేనేజర్‌ని మాత్రం ఆ పట్టా చూసి తీసుకోరు, ఆడినవాళ్లు, చిన్న లీగుల్లో కోచ్‌లుగా ఏళ్ల తరబడి బస్సుల్లో తిరిగినవాళ్లు అక్కడికి చేరతారు. కొడుకు కోరిక తీర్చినట్టూ ఉంటుంది, నలుగురిలో డిగ్రీ పేరు చెప్పుకున్నట్టూ ఉంటుందని మీరు ఇది ఎంచుకుంటే ఫీజు దండగ.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. అంత పెద్ద మెయిల్‌లో మార్కులు రాశారు, పక్కింటి పిల్లల అడ్మిషన్లు రాశారు, మీవాడు ఎలా ఆడతాడో ఒక్క ముక్క లేదు. వాళ్ల కోచ్‌తో ఎప్పుడైనా మాట్లాడారా? ముందు ఆ పని చేయండి.

కాలేజీలో ఆడుతూ లెక్కలో, కంప్యూటర్ సైన్సో, వాడికి నచ్చింది చదవనివ్వండి. ఒకవేళ హైస్కూల్ నుంచే డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ క్లబ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) పిలుపొస్తే సంబరంలో సంతకం పెట్టేయకండి, తర్వాత చదువుకునే కాలేజీ ఖర్చు క్లబ్ భరించేలా కాంట్రాక్టులోనే రాయించుకోవచ్చు, అది అడిగి తీరండి.