డ్రెయిన్ వాల్వు పెట్టుకోవచ్చు, ముందు మరలు చూడు

తమ్ముడూ, ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ బండి కింది ప్లాస్టిక్ షీల్డంతా విప్పాల్సి వస్తోందనీ, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టు మరలు అరుగుతున్నాయనీ, ఆ బోల్టు బదులు డ్రెయిన్ వాల్వు పెట్టొచ్చా అనీ రాశావు. బోల్టు బిగిస్తుంటే పట్టు దొరక్క తిరుగుతూనే ఉంటే వాల్వు పెట్టినా కారుతుంది. ముందు ఆ మరలు బాగుచేయించు.

బాగానే ఉంటే బోల్టు బదులు లివర్ వాల్వు, అంటే లివర్ తిప్పితే ఆయిల్ దిగే డ్రెయిన్ వాల్వు బిగించు. పాత బోల్టు పట్టుకెళ్లి పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) కొలిపించు. 12 మి.మీ. బోల్టుల్లోనే 1.25, 1.5, 1.75 మి.మీ. పిచ్ రకాలున్నాయి. తేడా ఉన్నదాన్ని బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియం చాంబర్ పోయినట్టే. లివర్‌కి లాక్ క్లిప్పు తప్పకుండా ఉండాలి.

నాకు అసలు భయం కింది ఎత్తు గురించే. పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ వైపు పల్లె దారుల్లో తిరిగే బండి నీది. వాల్వు చాంబర్ అడుగు కంటే కిందికి దిగితే ఒక్క రాయి చాలు, ఆయిలంతా రోడ్డు మీద ఉంటుంది. స్కేలు పెట్టి చూడు. దిగుతోందంటే వాల్వు మాట వదిలెయ్, షీల్డుకి కిటికీ ఒక్కటే కోయించు.

ఆ కిటికీ బోల్టుకి సరిగ్గా కింద కోయకు. నేనలాగే కోయించాను. వేడి ఆయిల్ జానెడు దూరం పక్కకి చిమ్మి షీల్డులోనే మడుగు కట్టింది. ధార పడే వైపు పొడుగ్గా కోయించి, రేకు మూత నాలుగు స్క్రూలతో బిగించు. ఆ రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున చుక్క పడిందేమో చూడు.